ముబారక్ దిగాక ఈజిప్టును నడిపిన సైనిక మండలి: ఏ కాగితం చూపించి పాలించారు?

సందేహి

2011 ఈజిప్టు విప్లవం మీద తెలుగులో దొరికేవి చాలావరకు తహ్రీర్ స్క్వేర్ దగ్గర మొదలై అధ్యక్షుడు ముబారక్ రాజీనామాతో ఆగిపోతున్నాయి. నాకు కావలసింది ఆ తర్వాతి కథ. 2011 ఫిబ్రవరి 11 నుంచి 2012 జూన్ 30 దాకా దేశాన్ని నడిపింది సాయుధ దళాల అత్యున్నత మండలి. పత్రికలు 'స్కాఫ్' అని రాసేవి.

అధ్యక్షుడు దిగిపోతే స్పీకరు తాత్కాలికంగా ఆ పదవిలోకి రావాలని అప్పటి రాజ్యాంగంలోనే ఉంది కదా, మధ్యలో సైన్యం ఎలా దూరింది? ఆరు నెలలన్నవాళ్లు పదహారు నెలలకు పైగా ఎలా ఉన్నారు? ఆ మధ్యకాలంలో చట్టాలు, మంత్రివర్గం, కోర్టులు ఎవరి చేతిలో ఉండేవి? ఎన్నికైన పార్లమెంటును ఐదు నెలలకే మూయించగలిగిన జనరళ్లను కొత్తగా ఎన్నికైన అధ్యక్షుడు మోర్సీ 2012 ఆగస్టులో ఒక్క సంతకంతో ఇంటికెలా పంపాడు?

"సైన్యం మోసం చేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. అది ఏ దారిలో జరిగిందో కావాలి.

ధర్మాసనం

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఫిబ్రవరి 11 కంటే 10వ తేదీలోనే ఎక్కువ దొరుకుతుంది.

ఈ మండలి విప్లవంతో పుట్టింది కాదు. 1967 ఓటమి తర్వాత నాసర్ హయాంలో, 1968 నాటి 4వ నంబరు చట్టంతో వచ్చింది. రక్షణ మంత్రి, సైనిక ప్రధానాధికారి, నౌకా, వైమానిక, వాయు రక్షణ దళాల అధిపతులు, రెండో, మూడో సైన్యాల కమాండర్లు, ప్రాంతీయ కమాండర్లు, సైనిక నిఘా అధిపతి, ఇలా ఇరవై పైచిలుకు మంది సభ్యులు. అధ్యక్షత వహించాల్సింది దేశాధ్యక్షుడు. ఫిబ్రవరి 10న 'ప్రకటన నంబరు 1' చదువుతూ టీవీలో చూపించిన సమావేశంలో ముబారక్ లేడు. ఉపాధ్యక్షుడు ఒమర్ సులేమాన్ కూడా లేడు. అధ్యక్ష స్థానంలో రక్షణ మంత్రి ఫీల్డ్ మార్షల్ తంతావీ కూర్చున్నాడు. మండలి ఇకపై నిరంతరం సమావేశంలోనే ఉంటుందన్నారు. ఎవరినీ దించుతున్నామని ఒక్క మాట అనలేదు, కుర్చీలో ఎవరున్నారో చూపించారంతే. కైరోలో రాజకీయం తెలిసినవాళ్లకు అది చాలు.

ఆ రాత్రే ముబారక్ ప్రసంగించి, పదవి వదలకుండా తన అధికారాలను సులేమాన్‌కు అప్పగిస్తున్నానన్నాడు. 1971 రాజ్యాంగం 82వ అధికరణ దీనికి దారి ఇస్తుంది, కానీ అలా అధికారం పుచ్చుకున్నవాడు రాజ్యాంగాన్ని సవరించలేడు, పార్లమెంటును రద్దు చేయలేడు. పూర్తిగా రాజీనామా చేస్తే 84వ అధికరణ వర్తిస్తుంది: స్పీకరు తాత్కాలిక అధ్యక్షుడవుతాడు, సభ రద్దయి ఉంటే రాజ్యాంగ న్యాయస్థానం అధిపతి ఆ పదవిలోకి వస్తాడు, 60 రోజుల్లో ఎన్నిక జరగాలి. మర్నాడు సులేమాన్ చదివిన అర నిమిషం ప్రకటన ఈ రెండు దారుల్లోనూ వెళ్లలేదు. ముబారక్ పదవి వదిలాడు, దేశ వ్యవహారాలు చూడమని సైనిక మండలికి అప్పగించాడు. అలా అప్పగించే అధికారం అధ్యక్షుడికి రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అంటే మండలి పాలన మొదటి రోజునుంచే రాజ్యాంగం బయట నిలబడింది.

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. 84వ అధికరణ ప్రకారమే వెళ్లాలని తహ్రీర్ చౌరస్తాలో ఎవరూ పట్టుబట్టలేదు. అప్పటి స్పీకరు ఫతీ సురూర్ ముబారక్ పార్టీ మనిషి. సభ 2010 చివర్లో రిగ్గింగుతో నిండింది. 60 రోజుల్లో ఎన్నిక పెడితే పాత 76వ అధికరణ షరతులతో పాలక పార్టీ అభ్యర్థి తప్ప మరొకరు నిలబడటమే కష్టం. పాత ఇంటి తాళం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ సందులోంచే సైన్యం లోపలికొచ్చింది.

ఫిబ్రవరి 13న మొదటి రాజ్యాంగ ప్రకటన వచ్చింది. రాజ్యాంగం నిలిపివేత, ఉభయ సభల రద్దు, డిక్రీల (సభ లేకుండా జారీ చేసే ఆజ్ఞల) ద్వారా చట్టాలు చేసే అధికారం మండలికి. గడువు వాక్యం జాగ్రత్తగా చదవండి: ఆరు నెలలు, *లేదా* పార్లమెంటు, అధ్యక్ష ఎన్నికలు ముగిసేదాకా. ఆ 'లేదా'లోనే మీ రెండో ప్రశ్నకు సగం జవాబుంది. ఎన్నికల తేదీ నిర్ణయించేదీ మండలే కాబట్టి తన గడువు తన చేతిలోనే ఉంది.

తర్వాతి మెట్టు ఇంకా చిత్రం. న్యాయకోవిదుడు తారిఖ్ అల్ బిష్రీ అధ్యక్షతన ఎనిమిది మంది కమిటీ వేశారు. వాళ్లు 1971 రాజ్యాంగంలో కొన్ని అధికరణలకు సవరణలు రాశారు. అధ్యక్షుడికి నాలుగేళ్ల చొప్పున రెండే పదవీకాలాలు, ఎన్నికల మీద న్యాయమూర్తుల పర్యవేక్షణ, ఆరు నెలలు దాటి ఎమర్జెన్సీ పొడిగించాలంటే ప్రజల ఓటు, ఇలాంటివి. మార్చి 19న రెఫరెండం పెడితే 41 శాతం మంది ఓటేశారు, అందులో 77 శాతం 'అవును' అన్నారు. సవరణలకు ఒప్పుకున్నారంటే మూల రాజ్యాంగం తిరిగి బతకాలి. బతికితే మండలికి అందులో చోటే లేదు! అందుకని మార్చి 30న ఆ సవరణలనే కలుపుకుని, అరవై పైచిలుకు అధికరణలతో ఇంకో రాజ్యాంగ ప్రకటన విడుదల చేశారు. జనం ఓటేసింది తొమ్మిది అధికరణల మీద. చేతికొచ్చినది వేరే పత్రం. అందులోని 56వ అధికరణ చట్టాలు చేయడం, విధాన నిర్ణయాలు, ప్రధానినీ మంత్రులనూ నియమించడం, ఒప్పందాలు, క్షమాభిక్ష, అన్నీ మండలికే రాసిచ్చింది. దాని మీద ఎవరూ ఓటేయలేదు.

గెజిట్

ధర్మాసనం గారు కాగితం చెప్పారు. నేను రోజువారీ పాలన చెబుతాను.

మంత్రివర్గం ఉండేది, కానీ పెత్తనం మండలిది. ముబారక్ చివరి ప్రధాని అహ్మద్ షఫీక్ మార్చి 3న దిగాడు, ఆయన స్థానంలో ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఇసామ్ షరఫ్‌ను పెట్టారు. తహ్రీర్‌కు వెళ్లి జనం మధ్య మాట్లాడిన ప్రధాని అని మొదట్లో ఆయనకు మంచి పేరు. కానీ డిక్రీ చట్టం మీద సంతకం తంతావీది. గవర్నర్ల నియామకాలూ మండలివే. నవంబరులో వీధి ఘర్షణల్లో జనం చచ్చిపోతుంటే రాజీనామా చేసింది షరఫ్, మండలి కదల్లేదు. నింద మోయడానికి ఒక పౌర మంత్రివర్గం, నిర్ణయాలకు వేరే గది. ఈ పనివిభజన తెలియకపోతే ఆ ఏడాది వార్తలు అర్థం కావు. షరఫ్ తర్వాత తెచ్చిన కమాల్ గంజూరీ 1990లలో ముబారక్ దగ్గరే ప్రధానిగా చేసినవాడు.

చట్టాలు ఎలా ఉండేవో రెండు చూడండి. 2011 నాటి 12వ డిక్రీ పార్టీల నమోదు గురించి. పాత కాలంలో పాలక పార్టీ గుప్పిట్లో ఉండే కమిటీ అనుమతి కావాలి. ఇప్పుడు న్యాయమూర్తుల కమిటీకి నోటీసిస్తే చాలు, 30 రోజుల్లో అభ్యంతరం రాకపోతే పార్టీ పుట్టినట్టే. వినడానికి బాగుంది. కానీ కనీసం 10 గవర్నరేట్ల (ఈజిప్టులో గవర్నర్ల కింద ఉండే పాలనా విభాగాలు) నుంచి 5,000 మంది వ్యవస్థాపక సభ్యులుండాలి, ఒక్కో గవర్నరేట్‌కు 300కి తగ్గకూడదు, సంతకాలు ధ్రువీకరించాలి, పేర్లన్నీ రెండు పెద్ద దినపత్రికల్లో అచ్చేయించాలి. అయిదు వేల పేర్ల ప్రకటన ఖర్చు ఎంతవుతుందో మన పేపర్ల రేట్లతో లెక్కేసుకున్నా తెలుస్తుంది. ఊరూరా శాఖలున్న ఇస్లామిస్టు సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్‌కు ఇది లెక్కలోది కాదు. తహ్రీర్‌లో గుడారాలు వేసిన కుర్రాళ్లకు మాత్రం చుక్కలు కనిపించాయి. రెండోది 34వ డిక్రీ: పని ఆగిపోయేలా సమ్మె చేస్తే జైలు, 50,000 ఈజిప్టు పౌండ్ల దాకా జరిమానా. సమ్మెలతో ముబారక్‌ను కదిలించిన దేశంలో, సుమారు రెండు నెలలకే వచ్చిన చట్టమిది.

కోర్టుల సంగతికొస్తే, అసలు ఆయుధం అక్కడుంది. 1966 నాటి 25వ చట్టం, అంటే సైనిక న్యాయ స్మృతి, పౌరులను కూడా సైనిక కోర్టుకు లాగడానికి పనికొస్తుంది. 2011 జనవరి 28న సైన్యం వీధుల్లోకి వచ్చినప్పటి నుంచి ఆగస్టు 29 దాకా 11,879 మంది పౌరులు సైనిక విచారణకు వెళ్లారు, 8,071 మందికి శిక్షలు పడ్డాయి. ఈ లెక్క మానవ హక్కుల సంఘాలది కాదు, సైనిక న్యాయ విభాగాధిపతి విలేకరుల సమావేశంలో తానే చెప్పింది. అరెస్టయినవాణ్ణి కైరోలో నస్ర్ సిటీలోని సి28 అనే సైనిక ప్రాసిక్యూషన్ కార్యాలయానికి తీసుకెళ్లేవారు. కొన్ని రోజుల్లోనే తీర్పు వచ్చేది. కొన్ని కేసుల్లో లాయరుకు ఫైలు చూసే వ్యవధి కూడా ఉండేది కాదు. తీర్పు ఖరారవ్వాలంటే సైనికాధికారి ఆమోదం కావాలి. అప్పీలు చేసుకున్నా అది కూడా సైనిక కోర్టులోనే. ఇందులో ఎక్కువమంది దొంగతనం, గూండాయిజం కేసుల్లో దొరికిన పేదలు. బ్లాగర్ మైకేల్ నబీల్ లాంటివాళ్ల పేర్లే బయటి ప్రపంచానికి తెలిశాయి. సైన్యాన్ని విమర్శిస్తూ రాసినందుకు అతనికి 2011 ఏప్రిల్‌లో మూడేళ్ల శిక్ష వేశారు, 2012 జనవరిలో క్షమాభిక్షతో వదిలారు.

పార్లమెంటు వచ్చాక 2012 మేలో ఈ చట్టాన్ని సవరించింది. ఎక్కడ తప్పు చేసిందంటే, అధ్యక్షుడు పౌరులను సైనిక కోర్టుకు పంపే 6వ అధికరణను తీసేసింది గానీ, ఏ కేసు తన పరిధిలోకి వస్తుందో సైనిక న్యాయవ్యవస్థే తేల్చుకునే 48వ అధికరణను అలాగే వదిలేసింది. ముందు తలుపు మూసి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంచారు.

ఆ పార్లమెంటుకు ఇంకో లోటు కూడా ఉంది. మార్చి 30 ప్రకటనలో మంత్రివర్గం మీద అవిశ్వాసం పెట్టి దించే అధికారం దానికి రాయలేదు. 2012 ఏప్రిల్‌లో గంజూరీ ప్రభుత్వాన్ని దించాలని గొడవపడి, ఏమీ చేయలేక స్పీకరు కతాత్నీ నిరసనగా వారం పాటు సమావేశాలే ఆపేశాడు. అంతే చేయగలిగాడు.

పోలింగ్_బూత్

పార్లమెంటు ఎలా కూలిందో చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. దాన్ని కూల్చిన మందుపాతర ఎన్నికల చట్టంలోనే ఉంది, పైగా పార్టీలే అడిగి పెట్టించుకున్నాయి.

మండలి మొదటి ప్రతిపాదనలో సగం సీట్లు పార్టీ జాబితాలకు, సగం వ్యక్తిగత అభ్యర్థులకు. పాత పార్టీ పెద్దమనుషులు వ్యక్తిగత సీట్లలో డబ్బుతో, బంధుబలంతో తిరిగొస్తారని పార్టీలు భయపడ్డాయి. అన్నీ జాబితాలకే ఇవ్వమన్నాయి. సెప్టెంబరులో బేరం కుదిరింది: మూడింట రెండు వంతులు జాబితాలకు, ఒక వంతు వ్యక్తులకు. 498 సీట్లలో 332, 166. ఇంకో పది మందిని మండలి నామినేట్ చేస్తుంది. 166 సీట్లలో పార్టీల వాళ్లు నిలబడకూడదని 5వ అధికరణ ఉండేది. పార్టీలు బహిష్కరిస్తామని బెదిరించాయి, మండలి ఆ అధికరణను ఎత్తేసింది. అందరూ గెలిచామనుకున్నారు.

చిక్కేమిటంటే, పార్టీవాడికి ఇప్పుడు 498 సీట్లకూ దారి ఉంది. ఏ పార్టీలోనూ లేనివాడికి ఉన్నవి 166, అందులోనూ పార్టీల అభ్యర్థులతో పోటీ. సమానత్వ సూత్రం దెబ్బతింది. ఇది కొత్త సంగతి కూడా కాదు. 1984, 1987 పార్లమెంట్లను రాజ్యాంగ న్యాయస్థానం ఇలాంటి కారణంతోనే కొట్టేసింది. ఈజిప్టులో ఎన్నికల చట్టం చదివిన లాయరెవరికైనా ఇది తెలుసు. పార్టీలకు చెప్పినవాళ్లు లేకపోలేదు, వినే ఓపిక ఎవరికీ లేదు.

పోలింగ్ మాత్రం శ్రద్ధగా చేశారు. ప్రతి కేంద్రంలో న్యాయమూర్తి ఉండాలన్నారు, దేశమంతటికీ ఒకేసారి అంతమంది న్యాయమూర్తులు చాలరు, అందుకని 27 గవర్నరేట్లను తొమ్మిది చొప్పున మూడు దశలు చేశారు. మొదటి దశ 2011 నవంబరు 28, 29. చదువురానివాళ్ల కోసం అభ్యర్థుల పేర్ల పక్కన గుర్తులు, మనకు అలవాటైనట్టే. ఒక్కో ఓటరుకు రెండు బ్యాలెట్లు. జాబితా బ్యాలెట్ మీద ఒక గుర్తు, వ్యక్తుల బ్యాలెట్ మీద కచ్చితంగా ఇద్దరికి గుర్తు పెట్టాలి. ఒకరికే పెడితే ఆ ఓటు చెల్లదు. ఇద్దరెందుకంటే, సభలో సగం మంది కార్మికులు, రైతులు ఉండాలన్న నాసర్ కాలం నాటి నియమం. ఓటేయకపోతే 500 పౌండ్ల జరిమానా అని బెదిరింపు. బ్రదర్‌హుడ్ పార్టీ కూటమికి 235 సీట్లు వచ్చాయి, తర్వాతి స్థానం సలఫీల (ఇంకా కరడుగట్టిన ఇస్లామిస్టుల) నూర్ పార్టీ కూటమిది. 2012 జనవరి 23న సభ కూర్చుంది.

జూన్ 14న, అధ్యక్ష ఎన్నిక రెండో విడతకు రెండు రోజుల ముందు, కోర్టు తీర్పు వచ్చింది. మూడో వంతు సీట్ల ఎన్నిక చెల్లదు, కాబట్టి సభ మొత్తం ఉనికిలో లేనట్టే అంది. మండలి వెంటనే పార్లమెంటు గేట్ల దగ్గర బలగాలను పెట్టింది, సభ్యులను లోపలికి రానివ్వలేదు. తీర్పులో న్యాయశాస్త్రం పాత తీర్పుల దారిలోనే ఉంది. దాన్ని వాడుకున్న వేగం, ఆ తేదీ, ఆ రెండూ రాజకీయం. ఈ రెంటినీ కలిపేసి "కోర్టు కుట్ర" అనేస్తే ఆ చట్టానికి తల ఊపిన పార్టీలు తప్పించుకుంటాయి.

అధ్యక్ష ఎన్నికలోనూ నిబంధనలే సగం పని చేశాయి. నిలబడాలంటే 30 మంది పార్లమెంటు సభ్యుల మద్దతు, లేదా 15 గవర్నరేట్ల నుంచి వెయ్యికి తగ్గకుండా మొత్తం 30,000 సంతకాలు, లేదా సభలో ఒక్క సీటైనా ఉన్న పార్టీ. తల్లిదండ్రులకు కూడా వేరే దేశపు పౌరసత్వం ఉండకూడదు. ఏప్రిల్‌లో 23 మందిలో పదిమందిని కొట్టేశారు. సలఫీ నాయకుడు అబూ ఇస్మాయిల్‌ను తల్లి అమెరికా పౌరసత్వం వల్ల, బ్రదర్‌హుడ్ తరఫు ఖైరత్ అల్ షాతిర్‌ను పాత సైనిక కోర్టు శిక్ష వల్ల, ఒమర్ సులేమాన్‌ను ఒక గవర్నరేట్‌లో సంతకాలు తగ్గినందువల్ల. మోర్సీ బ్రదర్‌హుడ్ ముందుజాగ్రత్తగా నిలబెట్టిన రెండో అభ్యర్థి. కైరో వాళ్లు ఆయన్ను 'స్టెప్నీ' అని వెక్కిరించేవారు, మన దగ్గర కారులో పెట్టుకునే స్టెప్నీయే. ఎన్నికల సంఘం నిర్ణయాల మీద ఏ కోర్టుకూ వెళ్లకూడదని మార్చి 30 ప్రకటన 28వ అధికరణలోనే రాసి ఉంది.

జమాఖర్చు

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. విప్లవానికి ముందు విదేశీ మారక నిల్వలు సుమారు 3,600 కోట్ల డాలర్లు. 2012 మధ్యకు 1,500 కోట్ల చుట్టూ. పర్యాటకం పడిపోయింది, పెట్టుబడులు వెళ్లిపోయాయి, పౌండు విలువ డాలరుకు ఆరు దగ్గర నిలబెట్టడానికి కేంద్ర బ్యాంకు నిల్వలు ఖర్చుపెట్టింది. 2011 జూన్‌లో ఐఎంఎఫ్ 300 కోట్ల డాలర్ల అప్పు సిద్ధం చేస్తే, రాబోయే ప్రభుత్వాల నెత్తిన అప్పు పెట్టం అంటూ మండలి వద్దంది. ఏడు నెలలు తిరిగేసరికి తానే మళ్లీ అడగాల్సి వచ్చింది. అప్పటికి నిల్వలు సగం కరిగాయి.

2011 డిసెంబరులో ఇంకో ముచ్చట. సైన్యం తన దగ్గర నుంచి 100 కోట్ల డాలర్లు కేంద్ర బ్యాంకుకు 'అప్పు' ఇచ్చింది. ఒక దేశంలో సైన్యం ప్రభుత్వానికి అప్పివ్వగలదంటే దాని ఖాతా ఎంత వేరుగా ఉందో చూడండి. వంటనూనె, పాస్తా, సిమెంటు, పెట్రోలు బంకులు, హోటళ్లు, అన్నిట్లోనూ సైన్యం వ్యాపారాలున్నాయి, లెక్కలు పార్లమెంటుకు చూపించరు. మండలి ఏ విషయంలో ఎంత వెనక్కి తగ్గినా ఈ ఖాతా మీద ఒక్క అంగుళం తగ్గలేదు. 2011 నవంబరులో ఉపప్రధాని అలీ అల్ సిల్మీ పేరుతో వచ్చిన పత్రం 9, 10 అధికరణలు చదవండి: సైనిక వ్యవహారాలు, సైనిక బడ్జెట్ మండలికి తప్ప ఎవరికీ అక్కర్లేదు, దేశ బడ్జెట్లో అది ఒక్క అంకెగా కనిపిస్తే చాలు. నవంబరు 18న ఇస్లామిస్టులు, ఉదారవాదులు కలిసి తహ్రీర్‌ను నింపింది దీని మీదే.

అమెరికా ఏటా ఇచ్చే 130 కోట్ల డాలర్ల సైనిక సాయం మరో కోణం. 2011 డిసెంబరు 29న పౌర సంస్థల కార్యాలయాల మీద దాడులు చేసి, తర్వాత అమెరికన్లతో సహా 43 మంది మీద కేసు పెట్టారు. సాయం ఆగుతుందనే మాట వచ్చాక, 2012 మార్చి 1న తలా 20 లక్షల పౌండ్ల పూచీకత్తు మీద విదేశీయులు విమానం ఎక్కారు. అదే నెలలో అమెరికా విదేశాంగ మంత్రి షరతులు పక్కనపెట్టి సాయం విడుదల చేసింది.

సందేహి

చాలా కొత్త సంగతులు తెలిశాయి, అందరికీ ధన్యవాదాలు. నవంబరు గొడవలో జనం సాధించిందేమైనా ఉందా? ఆగస్టు ప్రశ్న కూడా మిగిలే ఉంది.

గెజిట్

ఉంది. మహమ్మద్ మహమూద్ వీధిలో నవంబరు 19 నుంచి అయిదారు రోజులు జరిగిన ఘర్షణలో 40 మందికి పైగా చనిపోయారు. అది తహ్రీర్ నుంచి హోం మంత్రిత్వ శాఖ వైపు వెళ్లే వీధి. చివరికి సైన్యం క్రేన్లతో పెద్ద పెద్ద కాంక్రీటు దిమ్మెలు ఒకదానిమీద ఒకటి పేర్చి వీధికి అడ్డంగా గోడ కట్టింది. తర్వాతి నెలల్లో చుట్టుపక్కల వీధులకూ అలాంటి గోడలే వచ్చాయి, వాటి మీద కళాకారులు అవతలి వీధి కనిపిస్తున్నట్టే బొమ్మలు గీశారు.

అంతకుముందు లెక్క ఏమిటంటే, ముందు పార్లమెంటు, తర్వాత రాజ్యాంగం, ఆ తర్వాతే అధ్యక్షుడు. అంటే 2013 దాకా మండలి ఉండేది. నవంబరు 22న తంతావీ టీవీలోకి వచ్చి 2012 జూన్ చివరికల్లా అధ్యక్ష ఎన్నిక పూర్తిచేస్తామన్నాడు. ఆ తేదీ ఆ వీధిలో చనిపోయినవాళ్ల వల్ల వచ్చింది. దాని వల్ల ఇంకో సమస్య పుట్టింది: రాజ్యాంగం లేకుండా, తన అధికారాలేమిటో తెలియకుండా అధ్యక్షుడు గద్దెనెక్కాల్సి వచ్చింది.

ధర్మాసనం

గెజిట్ గారి చివరి మాట నుంచే ఆగస్టుకు వెళ్దాం. 2012 జూన్ 17న అధ్యక్ష ఎన్నిక పోలింగ్ ముగుస్తున్న వేళ మండలి అనుబంధ రాజ్యాంగ ప్రకటన ఇచ్చింది. అప్పుడున్న సభ్యులతోనే మండలి కొనసాగుతుంది, సైనిక నియామకాలన్నీ దానివే, దాని అనుమతి లేకుండా అధ్యక్షుడు యుద్ధం ప్రకటించలేడు, రద్దయిన పార్లమెంటు చట్టాధికారం దానికే, రాజ్యాంగం రాసే సభకు అడ్డంకి వస్తే కొత్త సభను వేసేదీ అదే. అధ్యక్షుడు ప్రమాణం చేయాల్సింది రాజ్యాంగ న్యాయస్థానం ముందు. 51.73 శాతంతో గెలిచిన మోర్సీ జూన్ 30న అలాగే చేశాడు. జూలై 8న పార్లమెంటును తిరిగి పిలిచాడు, రెండు రోజుల్లో కోర్టు ఆపేసింది.

ఆగస్టు 5న సినాయ్‌లో రఫా దగ్గర దాడిలో 16 మంది సైనికులు చనిపోయారు. హెచ్చరికలు ఉన్నా కాపాడుకోలేకపోయారని సైన్యం మీదే జనం కోపం. 8న మోర్సీ దేశ నిఘా సంస్థ అధిపతి మువాఫీని తీసేశాడు, సైనిక పోలీసు అధిపతినీ మార్పించాడు. ఎదురుదెబ్బ రాలేదు. 12న తంతావీని, ప్రధానాధికారి సామీ అనాన్‌ను రిటైర్ చేసి, జూన్ 17 ప్రకటనను రద్దు చేసి, మండలి అధికారాలన్నీ తనకే రాసుకున్నాడు.

ఎలా సాధ్యమైందంటే, మండలి ఏ సాధనంతో పాలించిందో ఆయన అదే వాడాడు. రాజ్యాంగ ప్రకటన అనేది ఓటుతో, సభతో పని లేకుండా సంతకంతో పుట్టేది. సంతకంతోనే పోతుంది. అడ్డుకోవాలంటే కావలసింది చట్టం కాదు, లోపల ఐక్యత. అది లేదు. తంతావీ 1991 నుంచి రక్షణ మంత్రి, వయసు 76. కింది తరం పదోన్నతుల కోసం ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తోంది. కొత్త రక్షణ మంత్రి సైనిక నిఘా అధిపతి అబ్దెల్ ఫతాహ్ సీసీ, మండలిలో అందరికంటే చిన్నవాడు. పోయినవాళ్లు కూడా చెడిపోలేదు: నౌకాదళాధిపతి సూయజ్ కాలువ సంస్థకు, వైమానిక దళాధిపతి సైనిక ఉత్పత్తి మంత్రిత్వ శాఖకు, వాయు రక్షణ అధిపతి సైనిక పరిశ్రమల సంస్థకు వెళ్లారు. తంతావీకి నైలు పతకం, ఆయనకూ అనాన్‌కూ సలహాదారు హోదా. పత్రికలు రాసినట్టు పౌర అధ్యక్షుడు సైన్యాన్ని ఓడించాడన్నది నాకు ఒప్పుదల కాదు. అది సైన్యం లోపల తరం మారడం, సంతకం మాత్రం మోర్సీది.

రుజువు ఆ డిసెంబరు రాజ్యాంగంలోనే ఉంది. రక్షణ మంత్రి సైనికాధికారే కావాలి, బడ్జెట్ చర్చ జాతీయ రక్షణ మండలిలోనే, సైన్యానికి హాని చేసే నేరాల్లో పౌరులకు సైనిక కోర్టు. సిల్మీ పత్రం అడిగినదాంట్లో చాలావరకు ఎన్నికైన ప్రభుత్వమే ఇచ్చేసింది. 2013 జూలై 3న మోర్సీని సీసీ దించినప్పుడు తంతావీ చేసిన పని చేయలేదు. మండలిని గద్దె మీద కూర్చోబెట్టలేదు, రాజ్యాంగ న్యాయస్థానం అధిపతి అద్లీ మన్సూర్‌ను తాత్కాలిక అధ్యక్షుడిగా పెట్టాడు. 2011లో సైన్యం పక్కన పెట్టిన ఏర్పాటే అది.

నీలి_నైలు

సూడాన్‌తో పోల్చుకుంటే ఇదంతా ఇంకా తేటగా కనిపిస్తుంది. 2019 ఏప్రిల్ 11న అధ్యక్షుడు బషీర్‌ను దించి సైనిక మండలి వచ్చింది. ఈజిప్టును చూసినందువల్ల అక్కడి ఉద్యమకారులు ఇంటికి వెళ్లలేదు, సైనిక ప్రధాన కార్యాలయం ముందే కూర్చున్నారు. ముందు అధికార పంపకం రాసివ్వండి, తర్వాతే లేస్తాం అన్నారు. జూన్ 3న వాళ్ల మీద మారణకాండ జరిగింది. అయినా సమ్మెలు, జూన్ 30 ప్రదర్శనలు ఆగలేదు, ఆగస్టు 17న రాజ్యాంగ పత్రం మీద సంతకాలయ్యాయి. 11 మంది సార్వభౌమ మండలి: అయిదుగురు సైనికులు, అయిదుగురు పౌరులు, ఇరుపక్షాలూ ఒప్పుకున్న మరో పౌరుడు. 39 నెలల గడువు, అధ్యక్షత మొదటి 21 నెలలు సైన్యానిది, తర్వాతి 18 పౌరులది. అంకెలతో సహా రాయించుకున్నారు.

ఎక్కడ జారిందో చూడండి. పత్రం ప్రకారం 300 మందికి మించని శాసన మండలి ఉండాలి, అది ఎప్పటికీ ఏర్పడలేదు. అది వచ్చేదాకా సార్వభౌమ మండలి, మంత్రివర్గం కలిసి కూర్చుని చట్టాలు చేయవచ్చని ఒక వెసులుబాటు ఉంది, ఆ 'దాకా' శాశ్వతమైంది. 2020 అక్టోబరులో సాయుధ ముఠాలతో జూబా ఒప్పందం అయ్యాక పత్రాన్ని సవరించి గడువు లెక్క మళ్లీ మొదట్నుంచి పెట్టారు. కుర్చీ పౌరులకు ఎప్పుడు అప్పగించాలన్నది తగాదాగా మారింది. పోలీసు, సైన్యం, హేమెద్తీ నడిపే పారామిలటరీ దళాల మీద ప్రధాని హమ్దోక్‌కు పట్టు లేదు, సైనిక కంపెనీలు ఆర్థిక శాఖ కిందకు రాలేదు. 2021 అక్టోబరు 25న సైన్యాధిపతి బుర్హాన్ ప్రధానితో సహా పౌర నాయకులను అరెస్టు చేయించాడు.

సందేహి గారూ, ఇంకా లోతుకు వెళ్లాలంటే ఈజిప్టు మార్చి 30 ప్రకటన 56వ అధికరణ, జూన్ 17 అనుబంధం, సూడాన్ పత్రంలో శాసన మండలి అధ్యాయం, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. సభ లేనప్పుడు చట్టం ఎవరు చేయాలి అన్న చోట ఒక్కో పత్రం ఏమంటుందో ముందు గీత గీసుకోండి.